పువ్వును చూసి గులాబీ పేరు చెప్పకండి

"ఇదేం రకమో కాస్త చెప్తారా?" అంటూ నాకు వచ్చే ఫొటోలు చాలా మటుకు ఒకే తీరుగా ఉంటాయి. తెర నిండా రేకులు. వెనకాల ఆకులు మసకమసకగా. కాడ ఉండదు, ముల్లు ఉండదు. కింద ఒక ముక్క: "మా అమ్మమ్మగారి ఊళ్ళో గోడ పక్కన ఎప్పటినుంచో ఉందండీ, వాసన అదిరిపోతుంది, పాత రకమే అయ్యుంటుంది." దాన్ని నలుగురున్న చోట పెడితే ఇక చూసుకోండి. పన్నీరు గులాబీ అని ఒకరు, కాశ్మీరు గులాబీ అని ఒకరు, డమాస్కు అని ఇంకొకరు. ఫోనులో ఏదో యాప్ చెప్పిందంటూ ఒకాయన పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి దొరసాని పేరొకటి తెస్తాడు. చివరికి ఆ దొరసానే గెలుస్తుంది, ఎందుకంటే ఆ పేరే అన్నిటికన్నా గొప్పగా వినిపిస్తుంది.

పాత గులాబీలను గుర్తుపట్టే పనిలో అందరికన్నా చివర పిలవాల్సిన సాక్షి పువ్వు. ఇది నా వాదన. దీనికి తోకలాంటిది ఇంకోటి కూడా ఉంది: ఖాయంగా తేలనప్పుడు మొక్కకు పెద్ద పేరు తగిలించడం కన్నా దాన్ని ఊరి పేరుతో వదిలేయడమే మేలు. మొదటిదానికి చాలామంది తలూపుతారు. రెండోదానికి మాత్రం కోపాలొస్తాయి.

పువ్వు మీద నాకెందుకంత అనుమానమో ముందు చెప్తాను. గోదావరి జిల్లాల్లో ఒకే మొక్కను సంక్రాంతికి ఒకసారి, ఏప్రిల్ నెలాఖరుకి ఒకసారి చూడండి. చలిలో రేకులు కిక్కిరిసి, రంగు చిక్కగా, పువ్వు పిడికిలంత ఉంటుంది. ఎండలు ముదిరాక అదే కొమ్మ మీద రేకులు సగానికి పడిపోయి, పాలిపోయి, మధ్యాహ్నానికే వాడిపోతుంది. ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే రెండు రకాలని ఎవరైనా ఒట్టేసి చెప్తారు. ఇంకో కారణం లోతైనది. వందల ఏళ్ళుగా మనుషులు గులాబీలో కోరి మార్చినది పువ్వునే. నిండు రేకులు కావాలి, ఈ రంగు కావాలి, మధ్యలో బొత్తాంలాంటి పచ్చ కన్ను కావాలి అని ఏరి ఏరి పెంచారు. దాంతో ఏ చుట్టరికమూ లేని మొక్కలు ఒకే రకం పువ్వు పూస్తున్నాయి, ఒకే తల్లి కొమ్మల నుంచి వచ్చినవి ఏ పోలికా లేని పూలు పూస్తున్నాయి. ఆకు అడుగున నూగు ఉందా, ముల్లు వంకరా తిన్ననా, కాడ మీద జిగురుందా అని చూసి ఎంపిక చేసినవాళ్ళు అరుదు. మనిషి చెయ్యి పెద్దగా పడని చోటే వంశం బయటపడుతుంది.

మన దగ్గర "నాటు గులాబీ" అనే మాట కింద నడిచేవాటిలో నేను ఎక్కువగా చూసినవి మూడు తీర్లు. ఒకటి డమాస్కు. ఉత్తరప్రదేశ్‌లో హసాయన్ చుట్టూ, రాజస్థాన్‌లో పుష్కర్ దగ్గర పొలాల్లో పండించి అత్తరుకీ పన్నీటికీ బట్టీలకెక్కించేది ఇదే. రెండోది ఎడ్వర్డు. దండలకూ విడిపూలకూ, వేరే గులాబీలను అంటు కట్టడానికి అడుగు మొక్కగానూ పనికొచ్చేది. మూడోది చైనా గులాబీ, అందులోనూ ఓల్డ్ బ్లష్ అనే పాత రకం, లేదా దాని పోలికవి. లేత రంగు, వదులు రేకులు, ఏ నెలలో చూసినా ఏదో ఒక కొమ్మ మీద రెండు మూడు పూలు. బజారులో పన్నీరు గులాబీ అని ఒకచోట మొదటిదాన్ని ఇస్తారు, ఒకచోట రెండోదాన్ని ఇస్తారు. నేను చూసినంతలో కోస్తా జిల్లాల బుట్టల్లో రెండోదే ఎక్కువ. కొనేవాళ్ళకు ఇబ్బందేమీ లేదు, రెండూ వాసనేస్తాయి. గుర్తుపట్టాలని కూర్చున్నవాడికే ఇది తలనొప్పి, సరదా కూడా. ఎందుకంటే ఈ మూడూ పరాయివి కావు. మొదటిదీ మూడోదీ కలిస్తే పుట్టినదే రెండోది.

ఆ కలయిక కథ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉన్న రియూనియన్ దీవిది. అప్పట్లో దాని పేరు ఇల్ బుర్బాన్. అక్కడి రైతులు పొలాల చుట్టూ గులాబీ కంచెలు వేసుకునేవాళ్ళు. కంచెల్లో రెండు రకాలు: ఒకటి ఓల్డ్ బ్లష్, రెండోది ఏడాదిలో ఒకటికి మించి పూసే డమాస్కు, ఫ్రెంచివాళ్ళు "కాత్ర్ సెజోన్" అని పిలిచేది. 1817లో అక్కడి ప్రభుత్వ తోట చూసుకోడానికి వచ్చిన బ్రెయోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి కంట ఈ రెంటికీ మధ్యస్థంగా ఉన్న మొక్క పడింది. దాన్ని స్థానికులు అప్పటికే "రోజ్ ఎడ్వార్" అంటున్నారు. దాని విత్తనాలు పారిస్ పక్కన నుయీలో ఓర్లియాన్ ప్రభువు తోటమాలి ఆంత్వాన్ జాక్‌కు చేరాయి. ఆ మొలకల నుంచి బుర్బాన్ గులాబీలనే వర్గమే తయారైంది. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా మోజుపడ్డ పెద్ద పెద్ద వాసన గులాబీల్లో చాలావాటికి మూలం అదే. మన పూలకొట్టులో తూకానికి అమ్మే ఎడ్వర్డు ఆ వంశానికి మొదటి మెట్టు మీద ఉంది. భారతీయ వ్యవసాయ పరిశోధకులు కూడా దీన్ని రోజా బుర్బానియానా అనే పేరుతోనే రాస్తారు, హిమాచల్‌లోని పాలంపూర్ ప్రయోగశాలలో దీన్నీ డమాస్కునీ మళ్ళీ సంకరం చేసి చూశారు కూడా.

అసలిది రియూనియన్‌లో పుట్టి మన దగ్గరికి వచ్చిందా, లేక ఇక్కడి నుంచే అక్కడికి పోయిందా అన్న తగువు ఒకటుంది. ఆ తగువు గాలిలోంచి పుట్టింది కాదు. చైనాలోని కాంటన్ నర్సరీల నుంచి గులాబీలు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఇంగ్లండుకు పోతూ దారిలో కలకత్తాలో ఆగేవి. 1787లో మొదలైన కలకత్తా తోట వాటికి మజిలీ. అందుకే ఫ్రెంచివాళ్ళు చాలాకాలం చైనా గులాబీలను బెంగాల్ గులాబీలని పిలిచారు. చైనా మొక్కకు బెంగాల్ పేరు! ఊరు ఊరంతా తప్పు చిరునామా రాసుకున్నట్టు. పనిలో పనిగా ఒక ముచ్చట: 1793లో ఆ తోట పెత్తనం తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు ఏళ్ళ తరబడి మన సామర్లకోటలో కంపెనీ తోట నడిపినవాడు. సామర్లకోట రైలు జంక్షను మీదుగా ఎన్నోసార్లు పోయినవాళ్ళకు కూడా ఈ సంగతి తెలియదు.

సరే, మొక్క దగ్గరికి వద్దాం. పది రెట్లు పెంచి చూపే చిన్న భూతద్దం ఉంటే చాలు.

ముందు ఆకు. డమాస్కు ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చ, మెరుపుండదు. వేళ్ళ మధ్య పెట్టి రుద్దితే మెత్తగా, అడుగున సన్నటి నూగు తగులుతుంది. ఒక్కో రెమ్మకు అయిదు నుంచి ఏడు చిట్టాకులు, కొసలు గుండ్రంగా. చైనా ఆకు దీనికి పూర్తిగా ఎదురు: నున్నగా, మెరుస్తూ, మూడు నుంచి అయిదు చిట్టాకులు, కొస సూదిలా సాగి ఉంటుంది. కొత్త చిగురు ముదురు ఎరుపు, మామిడి చిగురు రంగు. ఎడ్వర్డు మధ్యలో నిలబడుతుంది. ఆకు డమాస్కంత వెడల్పుగా ఉన్నా మెరుపు కొంచెం చైనాది, చిగురులో ఎరుపు ఉంటుంది కానీ అంత గట్టిగా కాదు. ఫొటోలో ఈ తేడా పట్టుకోవడం కష్టం, చేతిలో పట్టుకుంటే క్షణం పని.

తర్వాత ముల్లు. డమాస్కు కొమ్మను చూడగానే చెయ్యి వెనక్కు లాక్కుంటాం. పెద్ద ముళ్ళు, చిన్న ముళ్ళు, వెంట్రుకల్లాంటి నూగు ముళ్ళు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. చైనా కొమ్మ మీద ముళ్ళు పలచగా ఉంటాయి, అడుగు వెడల్పుగా, కొక్కెంలా కిందికి వంగి, ఎర్రటి రంగులో. కణుపుకీ కణుపుకీ మధ్య నున్నటి బెరడు కనిపిస్తుంది. ఎడ్వర్డుకు బలమైన కొక్కెం ముళ్ళుంటాయి గానీ డమాస్కులో ఉండే ఆ వెంట్రుకల గలాటా ఉండదు. గాలికా అనే ఇంకో పాత యూరపు జాతి కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది: దానికి అసలైన ముళ్ళు తక్కువ, గరుకు కాగితంలాంటి సన్నటి నూగు ఎక్కువ.

పువ్వు కింద కాడను వేళ్ళతో నలిపి వాసన చూడండి. డమాస్కు కాడ మీద సన్నటి గ్రంథులుంటాయి, వేలికి జిగురంటుతుంది, సాంబ్రాణి ఛాయలో ఒక ఘాటు వస్తుంది. చైనాకు ఆ జిగురు బహు తక్కువ. రేకుల్లో పోటీపడే వాసనలకన్నా ఈ కాడ వాసన నాకు నమ్మకమైన గుర్తు. కాడ పైన ఉండే బుడిపె, అంటే తర్వాత కాయ అయ్యే భాగం, డమాస్కులో సన్నగా పొడుగ్గా గరాటులా ఉండి నేరుగా కాడలో కలిసిపోతుంది. చైనాలో గుండ్రం. సగటు పూలప్రేమికుడు ఎన్నడూ తిప్పి చూడని చోటు ఇది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు. మొగ్గను మూసి ఉంచే అయిదు పచ్చ రెక్కలుంటాయి కదా, బడి పుస్తకాల్లో రక్షక పత్రాలు అని చదువుకున్నాం. ఐరోపాలో మధ్యయుగాల నాటి లాటిన్ పొడుపుకథ ఒకటి వాటి మీదే ఉంది. మన తీరులో చెప్తే ఇలా ఉంటుంది: అయిదుగురు అన్నదమ్ములం, ఇద్దరికి గడ్డాలు, ఇద్దరికి నున్నటి చెంపలు, ఒక్కడికి మాత్రం ఒక చెంపకే గడ్డం. గాలికా, డమాస్కు మొగ్గను పట్టుకుని చూడండి, పొడుపుకథ అక్షరాలా నిజం. రెండు రెక్కల రెండు అంచులా ఈకల్లాంటి కుచ్చులు, రెంటికి ఏమీ లేవు, ఒకదానికి ఒక పక్కే. కారణం చాలా మామూలుది. మొగ్గలో ఈ అయిదూ ఒకదాని మీదొకటి కప్పుకుని ఉంటాయి. రెంటి అంచులు పూర్తిగా బయటికి, రెంటివి పూర్తిగా లోపలికి, అయిదోదానికి ఒక అంచు బయట, ఒకటి లోపల. బయటపడ్డ అంచుకే కుచ్చు వస్తుంది. చైనా గులాబీ దగ్గర ఈ పొడుపుకథ పనిచేయదు, అయిదూ దాదాపు నున్నగానే ఉంటాయి. ఎడ్వర్డులో నేను చూసిన మొగ్గల్లో కుచ్చులున్నాయి కానీ అరకొరగా, తండ్రి మీసం కొడుక్కి సరిగ్గా మొలవనట్టు.

ఇవన్నీ చూశాక పువ్వును పిలవచ్చు. అప్పుడు కూడా ఎలా ఉందని కాదు, ఎలా మారుతోందని అడగాలి. మొగ్గ విచ్చిన రోజు ఒక పువ్వుకు దారం కట్టి మూడు రోజులు చూడండి. డమాస్కు, గాలికా లాంటి పాత యూరపు గులాబీలు ఎండకు వెలిసిపోతాయి. చైనా గులాబీలు ఎండకు ముదురుతాయి. ఓల్డ్ బ్లష్ లేతగా విచ్చి, బయటి రేకుల నుంచి ఎరుపెక్కుతూ పోతుంది. ఫొటోలో ఈ సంగతి తేలడానికి వీల్లేదు, ఎందుకంటే ఫొటో ఒక్క రోజుది.

పువ్వు లేకుండా గులాబీని గుర్తుపట్టడం సాధ్యమేనా అని అడిగేవాళ్ళకు నేను పచ్చగులాబీని చూపిస్తాను. విరిడిఫ్లోరా అంటారు. దానికి రేకులే ఉండవు. రేకులు, కేసరాలు ఉండాల్సిన చోటంతా పచ్చటి ఆకు ముక్కల కుచ్చు. వాసన పరీక్ష లేదు, రంగు పరీక్ష లేదు, రేకుల లెక్క లేదు. అయినా మొక్కను చూసినవాళ్ళెవరూ అది ఏ వర్గమో తేల్చడానికి ఇబ్బంది పడరు. నున్నటి ఆకు, సూది కొస, ఎర్ర చిగురు, పలచటి కొక్కెం ముళ్ళు. చైనా గులాబీ, అందులోనూ ఓల్డ్ బ్లష్ కొమ్మ మారి వచ్చినది, అంటే ఆ మొక్క మీద ఒక కొమ్మ తనంతట తానే మారిపోతే దాని నుంచి పెంచినది. పూల ప్రదర్శనలో దాన్ని చూసి ముఖం చిట్లించేవాళ్ళను చూశాను. నా మటుకు అంతకు మించిన పాఠం ఏ తోటలోనూ లేదు.

పువ్వే నిర్ణయించే సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. ఇంగ్లీషు తోటల్లో తరతరాలుగా కలిపేస్తున్న జంట ఒకటుంది: రోజా ముండీ, యార్క్ అండ్ లాంకాస్టర్. రెండూ ఎరుపు తెలుపు కలిసినవే, రెంటి చుట్టూ రాజుల కథలే. రోజా ముండీలో ప్రతి రేకు మీదా చారలు, చిలకరింపులు ఉంటాయి, ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవు. యార్క్ అండ్ లాంకాస్టర్‌లో చారలే ఉండవు. ఒక రేకు మొత్తం తెలుపు, పక్క రేకు మొత్తం గులాబి, ఒక్కోసారి పువ్వుకు పువ్వే ఒకే రంగు. మంచిదే, పువ్వు తేల్చేసింది. కానీ పూలు లేని పదకొండు నెలలూ? ఏడాదికి ఒక్కసారే పూసే మొక్కలివి. అప్పుడు మళ్ళీ ఆకే దిక్కు: రోజా ముండీ గాలికా, కురచగా నిటారుగా గరుకు ఆకుతో ఉంటుంది. రెండోది డమాస్కు, పొడుగ్గా వాలిపోతూ బూడిద పచ్చ ఆకుతో ఉంటుంది. పైగా రోజా ముండీ స్వయంగా అపోతికరీస్ రోజ్ అనే ముదురు గులాబి రంగు పాత గాలికా నుంచి కొమ్మ మారి వచ్చినది. ఏదో ఒక ఏడు ఒక కొమ్మ మళ్ళీ తల్లి రంగే పూస్తుంది. ఒకే పొదలో రెండు "రకాలు"! చారలు చూసి పేరు పెట్టినవాడు ఆ కొమ్మను ఏమంటాడు?

ఇక్కడికి వచ్చేసరికి చదువుకున్న మిత్రులు ఆపుతారు. ఈ భూతద్దాలూ గడ్డాలూ ఎందుకు, డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పోదా అని. ఆ పరీక్ష చెప్పిన మంచి సంగతే ఒకటి చెప్తాను. 2000లో ఇవాటా, కాటో, ఓనో అనే జపాను పరిశోధకులు డమాస్కుల్లో అతి పాతవైన నాలుగింటిని తీసుకున్నారు: బల్గేరియా అత్తరు లోయలోని కజన్లిక్, కాత్ర్ సెజోన్, మొగ్గల మీద నాచులాంటి నూగుండే దాని తెల్ల రూపం, మన యార్క్ అండ్ లాంకాస్టర్. నాలుగింటి డీఎన్ఏ గుర్తులూ ఒక్కటే వచ్చాయి. అంటే ఒకే మొక్కకు కొమ్మల ద్వారా, చిన్న చిన్న మార్పులతో సాగిన నాలుగు శాఖలవి. తాతలు మూడు జాతులు: మస్కు గులాబీ, గాలికా, మధ్య ఆసియాకు చెందిన ఫెద్చెంకోవానా. ఆ మూడోది బయటపడే దాకా ఎవరూ ఊహించలేదు. ఏడాదిలో మళ్ళీ మళ్ళీ పూసే గుణం డమాస్కుకు ఎక్కడిదన్న పాత చిక్కుకు కూడా జవాబు దాని దగ్గరే ఉండొచ్చని కొందరి ఊహ.

అద్భుతమైన పని. కానీ మన ప్రశ్నకు దాని జవాబు ఏమిటో చూడండి. తోటలో నిలబడి యార్క్ అండ్ లాంకాస్టర్ ఏది, కజన్లిక్ ఏది అని అడిగితే ఆ పరీక్ష "రెండూ ఒకటే" అంటుంది. ఒకటి నూనెకు, ఒకటి ముచ్చటకు. రైతుకు ఈ రెండూ ఒకటి కావు. మూడున్నర నాలుగు వేల కిలోల పూలు పోస్తే గానీ కిలో నూనె రాని వ్యాపారంలో ఏ కొమ్మ నాటాడన్నది వాడి అన్నం సంగతి.

ఇంకో ఇబ్బంది ఉంది, అది ఇంకా పెద్దది. పరీక్ష రెండు మొక్కలు ఒకటో కాదో చెప్పగలదు. ఆ మొక్కను రెండొందల ఏళ్ళ కింద ఏమని పిలిచారో చెప్పలేదు. దానికి ఒక అసలు మొక్క కావాలి, దాని మెడలో నమ్మదగిన పలక ఉండాలి. ఓల్డ్ బ్లష్ లాంటి దానికి ఆ భాగ్యం ఉంది. దాని జన్యుపటం మొత్తం 2018లో వెలువడింది, దాన్ని పక్కన పెట్టుకుని ఏదైనా పోల్చవచ్చు. కానీ 1809 ప్రాంతంలో ఇంగ్లండు చేరిన హ్యూమ్స్ బ్లష్, 1824లో చేరిన పార్క్స్ యెల్లో అనే, "టీ గులాబీలు" అని పిలిచే వర్గంవాటి సంగతి అలా కాదు. ఆధునిక గులాబీలకు తాతల్లాంటివి అవి. ఇవాళ ఆ పేర్లతో అమ్ముతున్న మొక్కలు అసలువి కావని ఈ రంగంలో చాలామందికి గట్టి అనుమానం. పేరు నిలిచింది, మొక్క మారిపోయింది. ఎక్కడో ఒక తోటలో ఒక పలక ఇంకో పొద ముందుకు జరిగితే చాలు, ఆ తర్వాత వందేళ్ళు కటింగులన్నీ ఆ తప్పు పేరుతోనే తిరుగుతాయి.

పెద్ద తోటలైనా దీనికి అతీతం కావు. జర్మనీలోని సాంగర్‌హౌజెన్ 1903 నుంచి గులాబీలను సేకరిస్తోంది, వేల రకాలున్నాయి, అలాంటి చోటు లేకపోతే పాత గులాబీల్లో సగం మనకు దక్కేవి కావు. అయినా ఒక తోట పలకకూ ఇంకో తోట పలకకూ పొత్తు కుదరని సందర్భాలు బోలెడు. ఐరోపాలో జాక్ కార్టియే అని అమ్మే పొట్టి పోర్ట్‌లాండు గులాబీనే అమెరికా ప్రదర్శనల్లో మార్కేసా బొచెల్లా అని పెడతారు. మొదటి పేరు 1868 నాటిది, రెండోది 1840ల నాటిది. పువ్వు మాత్రం అదే: ఆకుల గుబురులో కాడ లేనట్టు కూర్చుని, నడుమ పచ్చ బొత్తాంతో. మహా సముద్రానికి అటొక పేరు, ఇటొక పేరు. ఇందులో ఎవరు ఒప్పో తేల్చుకోవడం కన్నా, ఏ పేరుతో ఎదురైనా ఆ పొదను పోల్చుకోగలగడం ముఖ్యమని నా ఉద్దేశం.

అమెరికా అంటే గుర్తొచ్చింది. డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు కిందటి వసంతంలో ఒక ఫొటో పంపింది. కొనుక్కున్న ఇంటి పెరట్లో ముదురెరుపు గులాబీ తీగలా పాకి విరగబూసిందట, పక్కింటావిడ అది శతాబ్దం నాటి వారసత్వ గులాబీ అని చెప్పిందట. ఆకుల మీద బూడిద తెగులు, పూత ఏడాదికొక్కసారి, కొమ్మలు నేల దగ్గర ఒక బుడిపె కింద నుంచి లేచాయి. ఇంకేం, డాక్టర్ హ్యూయీ. 1920లో విడుదలైన ఈ రకాన్ని అమెరికాలో ఎడాపెడా అంటు మొక్కలకు అడుగుగా వాడారు. పైన కట్టిన రకం చచ్చిపోతే అడుగుదే లేచి పూస్తుంది. ఆ దేశంలో పాత ఇళ్ళ ముందు "దొరికిన" ఎర్ర గులాబీల్లో ఎన్నో ఇవే. మన దగ్గర ఆ పాత్ర ఎడ్వర్డుది, చాలా చోట్ల మల్టీఫ్లోరా అనే అడవి గులాబీది. మల్టీఫ్లోరాను పట్టుకోవడం సులువు, ఆకు కాడ మొదట్లో అంటుకుని ఉండే సన్నటి రెక్కలు దువ్వెన పళ్ళలా చీలి ఉంటాయి. కాబట్టి పాత మొక్క అని సంబరపడే ముందు నేలకు వంగి మొదలు చూడండి. అంటు గుర్తు ఉంటే, కొమ్మ దాని పై నుంచా కింద నుంచా?

మొదలు తర్వాత పంచాంగం చూడాలి. గాలికా, ఆల్బా, సెంటిఫోలియా లాంటి పాత యూరపు వర్గాలు గట్టి చలికాలం తర్వాత ఒక్కసారి పూసే మొక్కలు. విజయవాడలో డాబా మీద కుండీలో నెలనెలా పూసేది, ఎంత తెల్లగా ఎంత వాసనగా ఉన్నా, ఆల్బా కాదు. ఈ ఒక్క మాటతో సగం పేర్లు కొట్టేయొచ్చు. మన వేడికి తట్టుకునేవి చైనాలు, టీ గులాబీలు, నోయిజెట్లు, బుర్బాన్లు అనే వర్గాలు. ఆంధ్రప్రదేశ్ కేడరులో ఐఏఎస్‌గా పనిచేసి, ఉద్యోగం ముందే వదులుకుని కొడైకెనాల్‌లో గులాబీలు పుట్టించడానికి వెళ్ళిన వీరరాఘవన్ గారు దశాబ్దాలుగా వాదిస్తున్నది ఇదే తోవలో: వేడి దేశాలకు వేడి దేశాల అడవి గులాబీలే పునాది కావాలని. మణిపూర్ కొండల జైగాంటియా, బెంగాల్ నీటి పట్టుల క్లైనోఫిల్లా ఆయనకు ముడిసరుకు. ఆయన పుట్టించిన వాటిలో ఒకదాని పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. హైదరాబాదువాళ్ళకు ఆ పేరు వినగానే సరోజినీ నాయుడి ఇల్లు కళ్ళ ముందు కదులుతుంది.

ఇప్పుడు ఆ కోపాల సంగతి. ఖాయంగా తెలియనప్పుడు ఊరి పేరే చాలు అంటే, "పేరు లేని మొక్కను ఎవరు కొంటారండీ?" అని ఒక నర్సరీ యజమాని నన్ను నిలదీశాడు. ఆయన కోణంలో న్యాయమే. కానీ పేరు లేకుండా ఉంచమని కాదు నేననేది. టెక్సాస్‌లో పాత శ్మశానాలు, పాడుబడ్డ ఇళ్ళు తిరిగి గులాబీలు ఏరుకొచ్చేవాళ్ళు, బెర్ముడా దీవిలో గులాబీ సంఘం వాళ్ళు ఈ చిక్కుకు తెలివైన దారి కనిపెట్టారు. దొరికిన మొక్కను దొరికిన వీధి పేరుతోనో ఆ ఇంటావిడ పేరుతోనో కొటేషన్ గుర్తుల్లో పెట్టి పిలుస్తారు. కొటేషను ఉందంటే తాత్కాలికం అని అర్థం. బెర్ముడాలో "స్మిత్స్ పారిష్" అనే గులాబీ అలాంటిదే. అసలు పేరు ఇదయ్యుంటుందని వాదనలు పక్కన నడుస్తుంటాయి, మొక్క మాత్రం ఊరి పేరుతో నిశ్చింతగా అమ్ముడుపోతూ ఉంటుంది. "అమలాపురం బావిగట్టు గులాబీ" అని రాసి అమ్మితే మనవాళ్ళు కొనరా? దొరసాని పేరుకన్నా ఎక్కువకే కొంటారని నా పందెం.

తప్పు పేరుతో నష్టమేమిటంటే, అది పడిన క్షణం నుంచి ఎవరూ ఆ మొక్కను మళ్ళీ చూడరు. పేరు తెలిసిపోయిందిగా! ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు నాటారు, ఎన్నేళ్ళైంది అనే ప్రశ్నలు అక్కడితో ఆగిపోతాయి. నిజానికి పనికొచ్చేవి ఆ జవాబులే. ఎడ్వర్డు విషయంలో మరీనూ. అది సముద్రం అటు నుంచి ఇటు వచ్చిందా ఇటు నుంచి అటు పోయిందా అన్నది తేలాలంటే కావలసినవి మన పాత ఊళ్ళ పొదలు, కంచెలు, గుడి తోటల మొక్కలు, వాటి వెనక ఆచూకీలు. రాజస్థాన్ పొలాల ఎడ్వర్డూ, తమిళనాడు తోటల ఎడ్వర్డూ, కోనసీమ పెరట్లో ఎడ్వర్డూ ఒకటేనా అని పోల్చడానికి ఆ మూడూ మూడు పలకలతో బతికి ఉండాలి. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టే రోజున జేసీబీ ముందు పోయేది గోడ పక్క గులాబీయే.

కాబట్టి అలాంటి పొద కంటపడితే, వానలు తగ్గాక, పెన్సిలు మందం కొమ్మలు ఆరంగుళాల ముక్కలుగా కోసి, ఇసుక కలిపిన మట్టిలో నీడన పెట్టండి. చైనాలు, ఎడ్వర్డు సులువుగానే వేళ్ళు వేస్తాయి. డమాస్కు సతాయిస్తుంది, దానికి నాలుగు ముక్కలు ఎక్కువ పెట్టండి. కుండీకి ఒక అల్యూమినియం రేకు కట్టి ఊరు, వీధి, ఎవరి ఇల్లు, నాటినవాళ్ళు, ఏ నెలలో తీశారు అన్నీ రాయండి. రకం పేరు తెలియకపోతే రాయొద్దు. మేకు మొనతో నొక్కి గీస్తే ఆ రాత నిలుస్తుంది. మార్కరు పెన్నుతో రాసింది మన ఎండలకు రెండు వేసవులు కూడా ఆగదు.